నిమిషం లేటైతే ఔటు, ఏళ్లు లేటైతే ఓటు!

ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కండి. ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి. నాలుగో స్టేషన్‌లో దిగండి. ఏసీ బోగీలో చెమట ఆరేలోపే దిగిపోతారు. ఎక్కిన చోట జలసౌధ ఉంది. నీటిపారుదల శాఖ పెద్ద ఇంజినీర్లు కూర్చునే చోటు. దిగిన చోట పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉంది. ఆ పెద్ద ఇంజినీర్ల కింద పనిచేసే ఏఈలను, ఏఈఈలను ఎంపిక చేసే చోటు. ఇక్కడ కుర్చీ ఖాళీ. అక్కడ ఆ కుర్చీకి పరీక్ష. దారిలో అసెంబ్లీ. కుర్చీలన్నీ నింపేస్తామని మైకులో ప్రమాణాలు చేసే చోటు.

మనకు పావుగంట కూడా పట్టని ఈ దూరం దాటడానికి సర్కారుకు ఎంత టైమ్ పట్టింది?

1,540 ఏఈఈ పోస్టులకు 2022 సెప్టెంబరులో నోటిఫికేషన్. 2023 జనవరిలో పరీక్ష. మార్చిలో రద్దు. మేలో మళ్లీ పరీక్ష. నీటిపారుదల శాఖకు ఎంపికైనవాళ్లకు నియామక పత్రాలు అందింది 2024 సెప్టెంబరులో. ఇదే జలసౌధలో, సభ పెట్టి మరీ, ముఖ్యమంత్రి చేతుల మీదుగా. నాలుగు స్టేషన్లకు రెండేళ్లు. ఇది ఎక్స్‌ప్రెస్ సర్వీసు సుమండీ! ప్యాసింజర్ బండ్ల సంగతి ముందుంది.

ముందు అర్హతల మాట చూద్దాం. ఈ దేశంలో ఉద్యోగం అడిగేవాడికి ఎన్ని అర్హతలు కావాలో ఎప్పుడైనా లెక్కేశారా?

అగ్నివీర్ కావాలంటే పదిహేడున్నర ఏళ్లు నిండాలి. ఒక్క రోజు తగ్గినా కుదరదు. మన తెలుగు కుర్రాడైతే ఎత్తు 166 సెంటీమీటర్లు. ఛాతీ 77, ఊపిరి బిగిస్తే ఇంకో 5. పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33. పూర్తి మార్కులు కావాలంటే ఐదున్నర నిమిషాల్లో 1.6 కిలోమీటర్ల పరుగు, పది పుల్‌అప్స్. తొమ్మిది అడుగుల గుంత ఒక్క దూకులో దాటాలి. ఎన్డీఏకు వెళ్లాలంటే వయసు పదహారున్నరకూ పంతొమ్మిదిన్నరకూ మధ్య ఉండాలి, పెళ్లి కాకూడదు. సివిల్స్ రాయాలంటే జనరల్ అభ్యర్థికి 32 ఏళ్లు, ఆరు అటెంప్టులు, అంతే. తెలంగాణలో కానిస్టేబుల్ కావాలంటే 167.6 సెంటీమీటర్లు. ఆ పాయింట్ ఆరు చూశారా? తల మీద నూనె రాసుకొస్తే దక్కుతుంది, దువ్వుకొస్తే పోతుంది!

మంచిదే. తుపాకీ పట్టేవాడికి, లాఠీ పట్టేవాడికి, ఫైలు పట్టేవాడికి కొలత ఉండాల్సిందే. ఎవరు కాదన్నారు? మరి కొలిచేవాడికి కొలత ఏదీ?

ఎమ్మెల్యే కావడానికి 25 ఏళ్లు నిండితే చాలు. పైన హద్దు లేదు. చదువు అడగరు. అటెంప్టులు లెక్కపెట్టరు. ఛాతీ కొలవరు, మైకు ముందు విరుచుకుంటే సరిపోతుంది. పరుగు పరీక్ష లేదు. దూకుడు పరీక్ష మాత్రం వాళ్లే పెట్టుకుంటారు. పొద్దున ఈ పార్టీ, సాయంత్రం ఆ పార్టీ. ఆ దూకు ముందు తొమ్మిది అడుగుల గుంత ఏ మూలకు?

ఇంజినీరింగ్ సర్వీసెస్ ప్రిలిమ్స్‌లో ఒక తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో మూడో వంతు కోస్తారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ దగ్గర గోదావరి మీద బ్యారేజీ పియర్లు కుంగాయి. దానికి ఎవరి మార్కులు కోశారు? ఒక కమిషన్ వేశారు. నివేదిక వచ్చింది. అసెంబ్లీలో చర్చ పెట్టారు. ఒకరినొకరు తిట్టుకున్నారు. ప్రశ్నపత్రంలో పియర్ తప్పైతే కుర్రాడి ర్యాంకు పోతుంది. నదిలో పియర్ తప్పైతే నాయకుడికి ఉపన్యాసం దొరుకుతుంది.

ఇప్పుడు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఏ సందులోనైనా దూరండి. స్టడీ హాల్ అన్న బోర్డు కనిపిస్తుంది. హాలు అనుకుని వెళ్తే గూళ్ల వరస. ప్లైవుడ్ అడ్డాలు. ప్రతి గూట్లో ఒక లైటు, ఒక చార్జర్, ఒక వాటర్ బాటిల్, ఒక మనిషి. ఆ మనిషి మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం క్యూలో కనిపిస్తాడు. చేతిలో ప్లేటు, చంకలో కరెంట్ అఫైర్స్. ఊళ్లో నాన్నకు ఫోన్‌లో ఒకటే మాట చెబుతాడు: "నాన్నా, ఈసారి డేటు పక్కా అంట." గూటి గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. దాని మీద పరీక్ష తేదీ రాసి ఉంటుంది. కొట్టేసి ఉంటుంది. పక్కన ఇంకోటి. అదీ కొట్టేసి ఉంటుంది.

గ్రూప్-2 రాసినవాళ్ల కాగితం మీదైతే చోటే మిగల్లేదు. 783 పోస్టులకు 2022 డిసెంబరు 29న నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు. తూచ్. నవంబరు 2, 3 అన్నారు. తూచ్. 2024 జనవరి 6, 7 అన్నారు. తూచ్. ఆగస్టు 7, 8 అన్నారు. అదీ తూచ్. చివరికి డిసెంబరు 15, 16 తేదీల్లో పెట్టారు. నోటిఫికేషన్ రోజున పుట్టిన పిల్ల పరీక్ష రోజుకు మాటలు నేర్చి, "ఎగ్జామ్ ఎప్పుడు బాబాయ్?" అని అడిగే వయసుకొచ్చింది.

'వాయిదా అడిగింది అభ్యర్థులే కదా' అని దీర్ఘాలు తీస్తారు కొందరు. అడిగారు. ఎందుకడిగారు? ఒకసారి గురుకుల పరీక్షలు, ఇంకోసారి డీఎస్సీ, అన్నీ తెచ్చి ఒకే నెలలో కుక్కితే అడగరా? ఏళ్ల తరబడి గురక పెట్టి నిద్రపోయి, ఎన్నికల ముందు ఉలిక్కిపడి లేచి, అన్ని నోటిఫికేషన్లూ ఒకేసారి గుమ్మరిస్తే ఏం చేయాలి? ఒకే మనిషి రెండు హాల్‌టికెట్లతో రెండు ఊళ్లలో ప్రత్యక్షం కావాలా?

ఇక పరీక్ష రోజు మర్యాదలు. గేటు మూశాక ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ఏడ్చినా, కాళ్లు పట్టుకున్నా అంతే. నిబంధన నిబంధనే. మరి ఇన్నేళ్లు ఆలస్యంగా వచ్చిన పరీక్షకు ఎవరు ఏ గేటు మూశారు?

వాచీ వద్దు. ఫోను వద్దు. బూట్లు వద్దు, చెప్పులతోనే రావాలి. 2023 జూన్ 11 గ్రూప్-1 ప్రిలిమ్స్‌కు ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించారు పిల్లలు. పాటించనిది ఎవరో తెలుసా? కమిషనే. బయోమెట్రిక్ తీసుకుంటామని నోటిఫికేషన్‌లో తానే రాసుకుంది. తీరా పరీక్ష రోజున తీసుకోలేదు. సెప్టెంబరు 23న హైకోర్టు పరీక్ష రద్దు చేసింది. కాళ్లకేసుకున్న చెప్పులు తనిఖీ చేసినవాళ్లు వేలి ముద్ర మరిచిపోయారు! ఇదే పని అభ్యర్థి చేసి ఉంటే ఏమయ్యేది? ఓఎంఆర్ షీటు మీద ఒక్క గుండ్రం సరిగా దిద్దకపోయినా ఇన్‌వాలిడ్ అని అవతల పడేస్తారు.

అసలు అది రెండోసారి పరీక్ష. మొదటి కథ ఇంకా ఘనం. రాష్ట్రం వచ్చింది నీళ్లు, నిధులు, నియామకాల కోసం. తెలంగాణ ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ ఎప్పుడొచ్చింది? 2022 ఏప్రిల్‌లో. ఎనిమిదేళ్లకు! 503 పోస్టులు. అక్టోబరు 16న ప్రిలిమ్స్. రెండు లక్షల ఎనభై వేల మందికి పైగా రాశారు. ఇంతలో 2023 మార్చి 5న 833 ఏఈ, తత్సమాన పోస్టులకు పరీక్ష జరిగింది. వారం గడిచేసరికి ఆ పేపరు ముందే అమ్ముడుపోయిందని బయటపడింది. ఎక్కడి నుంచి? కమిషన్ కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోంచి. ఎవరి చేత? కమిషన్‌లో పనిచేసేవాళ్ల చేతే అన్నారు పోలీసులు. ఎలా? పెన్‌డ్రైవ్‌తో. కంచే చేను మేసింది. ఏఈ పోయింది. ఏఈఈ పోయింది. గ్రూప్-1 పోయింది. బొటనవేలంత పెన్‌డ్రైవ్, లక్షల మంది జీవితాలు.

అప్పుడు మంత్రి కేటీఆర్ వచ్చి, ఇది వ్యవస్థ తప్పు కాదు, ఇద్దరు వ్యక్తుల తప్పు అని తేల్చేశారు. గదా సంగతి! కమిషన్ ఛైర్మన్ ఎప్పుడు రాజీనామా చేశారు? డిసెంబరులో. ప్రభుత్వం మారాక. పేపరు లీకైంది కానీ కుర్చీలు మాత్రం చుక్క కూడా లీక్ కాలేదు.

ఆ గొడవ మధ్యలోనే ఏప్రిల్ 30న కొత్త సచివాలయం ప్రారంభించారు. అంతకు నాలుగేళ్ల ముందు ఇదే ఎర్రమంజిల్‌లో నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ప్యాలెస్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కడతామన్నారు. 2019 జూన్‌లో శంకుస్థాపన కూడా చేశారు. సెప్టెంబరులో హైకోర్టు అడ్డుపడితే ఆ పాత గోడలు బతికాయి. అప్పటికి రాష్ట్రంలో గ్రూప్-1 నోటిఫికేషన్ ఒక్కటీ లేదు. భవనాలకు అంత తొందర. భవనాల్లో కూర్చుని పనిచేసేవాళ్లకు?

ఖాళీల లెక్కైనా నిక్కచ్చిగా ఉందా? 2020 చివర్లో వేతన సవరణ సంఘం (పీఆర్సీ) లెక్క ప్రకారం రాష్ట్రంలో ఖాళీలు 1,91,126. 2022 మార్చిలో అసెంబ్లీలో ముఖ్యమంత్రి చెప్పిన లెక్క 91,142. లక్ష కుర్చీలు ఏమయ్యాయి? చెదలు తిన్నాయా? అరిథ్‌మెటిక్‌లో తప్పు చేస్తే మనకు మార్కు పోతుంది. లక్ష తప్పిస్తే వాళ్లకు చప్పట్లు.

సర్కారు మారింది. మారడానికి ముందు, 2023 నవంబరులో, రాహుల్ గాంధీ అశోక్‌నగర్ వచ్చారు. నిరుద్యోగులతో కూర్చున్నారు. చాయ్ తాగారు. మస్తు మాట్లాడారు. అంతకుముందే మేలో సరూర్‌నగర్ సభలో ప్రియాంక గాంధీ సమక్షంలో యూత్ డిక్లరేషన్ ప్రకటించారు. ఏడాదిలో రెండు లక్షల ఉద్యోగాలు. నెలకు 4,000 నిరుద్యోగ భృతి. అంతకుముందు 2018లో టీఆర్ఎస్ ఇస్తానన్నది 3,016. ఆ పదహారు రూపాయలు శుభానికి కలిపినట్టున్నారు. 3,016 రాలేదు. 4,000 జాడ లేదు. మాట మీద మాత్రం 984 పెంచారు, సంతోషించండి.

చాయ్ తాగి ఏడాది తిరక్కుండానే, 2024 అక్టోబరులో, అదే అశోక్‌నగర్‌లో రిజర్వేషన్లకు సంబంధించిన జీవో 29 మీద గ్రూప్-1 అభ్యర్థులు రోడ్డెక్కారు. ఈసారి చాయ్ రాలేదు. లాఠీ వచ్చింది. తమాషా ఇంకోటి. పేపర్లు లీకైన కాలంలో గద్దె మీదున్నవాళ్లు వచ్చి పిల్లల పక్కన నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నారు. లీకుల మీద అప్పట్లో గొంతు చించుకున్నవాళ్లు ఈసారి పోలీసుల వెనక నిలబడ్డారు. డైలాగులు అవే. పాత్రధారులు అటూ ఇటూ మారారు. టికెట్టు కొన్నది మాత్రం మళ్లీ మనమే.

563 పోస్టుల కొత్త గ్రూప్-1 కథ 2024 ఫిబ్రవరిలో మొదలైంది. అక్టోబరులో మెయిన్స్. 2025 సెప్టెంబరు 9న ర్యాంకుల జాబితాను హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టేశారు. 24న డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపేసింది. 27న నియామక పత్రాలు పంచేశారు. మూడేళ్లు కదలని బండి మూడు రోజుల్లో పరుగెత్తింది! అంటే కదలడం వచ్చన్నమాట. కావాలనుకుంటే వచ్చన్నమాట.

'నోటిఫికేషన్లు మావి' అంటారు వాళ్లు. 'నియామక పత్రాలు మావి' అంటారు వీళ్లు. మరి లీకులు, వాయిదాలు, కోర్టు చీవాట్లు ఎవరివి? అవి అనాథలు.

2024 ఆగస్టు 2న అసెంబ్లీలో జాబ్ క్యాలెండర్ పెట్టారు. నెలలున్నాయి, పోస్టుల సంఖ్య లేదు. అక్టోబరులో గ్రూప్-1 నోటిఫికేషన్ అని రాసుకున్నారు. అక్టోబరు వచ్చింది. వెళ్లింది. ఎస్సీ వర్గీకరణ తేలాలన్నారు. తేలాల్సిందే. క్యాలెండర్ అచ్చేసేనాటికి ఆ సంగతి తెలియదా? సుప్రీంకోర్టు తీర్పు అంతకు ముందురోజే వచ్చింది కదా! కృష్ణకు అవతలి ఒడ్డున ఇంకో ముచ్చట. ఏటా జనవరి 1న క్యాలెండర్ అన్న జగన్ సర్కారు 2021లో దాన్ని జూన్‌లో విడుదల చేసింది. జనవరి 1 జూన్‌లో వచ్చే క్యాలెండర్ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

రాష్ట్రాలను తిట్టి ఢిల్లీని వదిలేస్తే పాపం. గ్రూప్-1 మొదలైన 2022లోనే, జూన్ 14న అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ల కొలువు. నూటికి 25 మందినే ఆ తర్వాత ఉంచుకుంటారు. పింఛను లేదు. చివర్లో 11.71 లక్షల సేవానిధి. అసలులో సగం జవాను జీతంలోంచి కోసిందే. లెక్క చూడండి. తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ నుంచి నియామక పత్రం దాకా మూడేళ్ల అయిదు నెలలు. అగ్నివీర్ ఆ టైమ్‌కు పెట్టె సర్దుకోవడం మొదలెట్టాలి. ఒక కొలువు మొదలయ్యేలోపు ఇంకో కొలువు అయిపోవస్తుంది!

కరోనా పేరుతో రెండేళ్లు సైనిక ర్యాలీలు ఆపారు. పరుగు, మెడికల్ గట్టెక్కి రాత పరీక్ష కోసం కాచుకున్న పిల్లలున్నారు. వాళ్ల పరీక్ష వాయిదా పడుతూ వచ్చింది. చివరికి పరీక్షే మాయమైంది. మళ్లీ మొదటి నుంచి రమ్మన్నారు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో బోగీలు తగలబడ్డాయి. కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. రైలు తగలబెట్టడం తప్పే. రెండేళ్లు ఆశపెట్టి వీధిలో వదిలేయడం ఏమవుతుంది? గరిష్ఠ వయసు 21 అని చెప్పినవాళ్లు ఉత్తరాదిన మంటలు లేచాక, రెండు రోజుల్లోనే ఆ ఏడాదికి 23 అన్నారు. ఆ రెండేళ్లు మొదటే ఇవ్వడానికి ఏమొచ్చింది? మన కుర్రాడి గోడు వినపడాలంటే పొగ లేవాలా?

ఆ తర్వాత వచ్చిన షరతు చూడండి. దహనకాండలో, నిరసనల్లో లేనని అగ్నివీర్ అభ్యర్థి రాసివ్వాలన్నారు. కేసుంటే చేరలేడన్నారు. న్యాయమే. మరి చట్టసభకు పోటీచేసే పెద్దమనిషి? తన మీదున్న కేసులన్నీ అఫిడవిట్‌లో వరుస నంబర్లతో రాసి, సంతకం పెట్టి, దండ వేయించుకుని గెలిచొస్తాడు. సిపాయికి కేసు అనర్హత. నేతకు అది అనుభవం. సిపాయి నాలుగేళ్లు సరిహద్దులో నిలబడితే పింఛను లేదు. నేత ఒక్కసారి ఎమ్మెల్యే అయితే బతికినంత కాలం పింఛను. బీజేపీ నాయకుడు కైలాశ్ విజయవర్గీయ అయితే పార్టీ ఆఫీసు సెక్యూరిటీకి అగ్నివీరులకే ప్రాధాన్యం ఇస్తానన్నారు. ఎంత దయ!

ఈ గందరగోళంలో ఎవరి పంట పండింది? కోచింగ్ వ్యాపారిది. 2023 నుంచి ఆర్మీకి ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాతే పరుగు. ఇంకేం? గజం మైదానం లేని చోట కూడా డిఫెన్స్ అకాడమీ లేచింది. పరుగు ఎక్కడ తీయాలి సార్? పంజాగుట్ట ఫ్లైఓవర్ కిందా? గోడల మీద టాపర్ల ఫొటోలు. ఇంటర్వ్యూకు ముందు రెండు రోజులు మాక్ టెస్ట్ రాసినవాడు కూడా 'మా విద్యార్థే'. ఈ మోసం చూసి చూసి కేంద్రం 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు పెట్టింది. ఫ్లెక్సీ చదివిందా వాటిని? పరీక్ష వాయిదా పడిన ప్రతిసారీ హాస్టల్ అద్దె పెరుగుతుంది, కొత్త బ్యాచ్ మొదలవుతుంది, 'రివిజన్ ప్యాకేజీ' పుట్టుకొస్తుంది. వాయిదాతో నష్టపోనివాడికి వాయిదా అంటే భయం ఎందుకు?

ఇక సర్కారు మెదడు లోంచి పుట్టిన మహత్తర పరిష్కారం వినండి. పోస్టులు నింపలేకపోతే ఏం చేయాలి? వయసు పెంచాలి! 2021లో ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెంచారు. 2022లో యూనిఫాం లేని ఉద్యోగాలకు అభ్యర్థుల గరిష్ఠ వయసు 34 నుంచి 44 చేశారు. 2024లో 46 చేశారు. లోపలున్నవాడు 61 దాకా లేవడు. బయటున్నవాడు 46 దాకా కూర్చోడు. ఇద్దరికీ మేలు చేశామంటారు! ఆ పదేళ్లు, పన్నెండేళ్లు వరం కాదు. తాము పోగొట్టిన కాలానికి రాసిచ్చిన ఒప్పుకోలు పత్రం. 46 ఏళ్లకు తొలి జీతం అందుకున్నవాడు పెళ్లి ఎప్పుడు చేసుకోవాలి? పిల్లల్ని ఎప్పుడు చదివించాలి? అప్పటికి అమ్మానాన్నల్లో ఎవరు మిగిలి ఉంటారు?

చాలు. ఉచిత కోచింగులు వద్దు. వయసు సడలింపులు వద్దు. చాయ్‌లు అసలే వద్దు. అడగాల్సినవి మూడే. నోటిఫికేషన్ ఇచ్చిన రోజే పరీక్ష తేదీ, ఫలితం తేదీ, నియామకం తేదీ ప్రకటించాలి. సర్కారు తప్పు వల్ల పరీక్ష రద్దయితే ప్రతి అభ్యర్థికీ ఫీజుతో పాటు నష్టపరిహారం ఇవ్వాలి. రద్దుకు కారణమైన పై అధికారి పేరు, అతని మీద తీసుకున్న చర్య అసెంబ్లీలో చదివి వినిపించాలి. ఐదున్నర నిమిషాల్లో పరుగెత్తమని పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ని అడిగే రాజ్యానికి ఇది పెద్ద కష్టమా?

ఓట్లడగడానికి మళ్లీ వస్తారు. మీ గుమ్మం ముందు నిలబెట్టి ఆ మూడు తేదీలు అడగండి. "చూద్దాం తమ్మీ" అన్నా, "త్వరలోనే అక్కా" అన్నా వాళ్ల పరీక్ష అయిపోయినట్టే. వాళ్ల రూలు వాళ్లకే వర్తింపజేయండి. గేటు మూసేయండి.